జాగ్రత్తమ్మకి కుర్చీ

“నోరు జారితే స్టేషనంతా వింటుంది. ఇంటికి పోదాం పద,” అంది జాగ్రత్తమ్మ, రైల్వే స్టేషన్ మెట్ల దగ్గర అడ్డం పడి.

“వింటే విననీ. నేను పైకి వెళ్ళాలి,” అంది పిల్ల.

పిల్ల అంటే నిజంగా పిల్లేం కాదు. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, ఇదే స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమస్తా. అయితేనేం, జాగ్రత్తమ్మ దృష్టిలో ఎప్పటికీ పిల్లే. బడి నాటకంలో కాగితం కిరీటం పెట్టుకుని రాణి వేషం వేసి, మాట మరిచిపోతే, హాలు హాలంతా గొల్లున నవ్విన రోజున, చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాక్కొచ్చింది జాగ్రత్తమ్మే. అప్పట్నుంచి వదిలితే ఒట్టు! క్లాసులో చెయ్యెత్తనిచ్చేది కాదు. ఫొటో తీస్తుంటే ముందు వరసలో నిలబడనిచ్చేది కాదు. పెళ్ళయ్యాక మొగుడితో గట్టిగా ఓ మాట అననిచ్చేది కాదు. “ఏమన్నా అనుకుంటారు, జాగ్రత్త!” పొద్దున లేస్తే ఇదే నస.

రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే అనౌన్సర్ పరీక్షకి ఇంతకుముందు రెండుసార్లు పిలుపొచ్చింది. రెండుసార్లూ జాగ్రత్తమ్మ ఈ మెట్ల దగ్గర్నించే వెనక్కి తిప్పి తీసుకుపోయింది. “బంగారం లాంటి గొంతమ్మా నీది. కానీ ఇదే ఆఖరు. ఈసారీ రాకపోతే ఇంకొకర్ని తీసుకుంటాం,” అని స్టేషన్ మాస్టర్ తేల్చి చెప్పేశాడు.

పిల్ల కూడా తక్కువది కాదు. జాగ్రత్తమ్మని వదిలించుకోడానికి చెయ్యని ప్రయత్నం లేదు. తిట్టింది, నోరు మూసుకోమంది, మొహం మీదే తలుపేసింది. వేసినకొద్దీ జాగ్రత్తమ్మ ఇంకా గట్టిగా బాదేది. బాదదూ మరి? లోపల పిల్ల ఒక్కతే ఉందాయె!

కౌన్సెలరు దగ్గరికి వెళ్ళడం మొదలెట్టాకే వ్యవహారం మారింది. “మా ఆయనతో ఏ ఇబ్బందీ లేదండీ. ఈవిడతోనే వేగలేక చస్తున్నా. ఎలా వదిలించుకోవాలో చెప్పండి,” అని పిల్ల మొదటిరోజే మొత్తుకుంది.

“వదిలించుకోవడం ఎందుకు? ఆవిడకి ఏం కావాలో ఎప్పుడైనా అడిగారా?” అంది కౌన్సెలరు. నెల తిరిగాక ఇంకో మాట చెప్పింది. “తన ఫొటో ఒకటి పర్సులో పెట్టుకోండి. విసుగొచ్చినప్పుడల్లా తీసి చూడండి.”

ఆ ఆదివారమంతా పిల్ల పాత పెట్టెలన్నీ తిరగేసింది. ఫొటో దొరికాక దాన్ని గుండెకి హత్తుకుని కాసేపు ఏడ్చింది. ఎందుకేడ్చిందో జాగ్రత్తమ్మకి అంతుపట్టలేదు.

ఇవాళ మెట్ల దగ్గరా అంతే. తిడుతుందనుకుంటే, పిల్ల వచ్చి పక్కనే మెట్టు మీద కూర్చుంది.

“ఇన్నేళ్ళూ నన్ను కాచుకుని ఉన్నావు. ఒక్కరోజు నడుం వాల్చిన పాపాన పోలేదు. అలిసిపోలేదూ?”

ఆ ప్రశ్న జాగ్రత్తమ్మని ఇంతవరకూ అడిగినవాళ్ళు లేరు. ముక్కు ఎగబీల్చింది.

“దేనికి భయం, చెప్పు.”

“మళ్ళీ నవ్వుతారు.”

“నవ్వితే?”

“నువ్వేడుస్తావు. చిన్నపిల్లవి!”

“నాకెన్నేళ్ళనుకుంటున్నావు?”

“ఆ మాత్రం తెలీదా ఏం? ఏడు.”

పిల్ల ఫక్కున నవ్వింది. మెట్లెక్కేవాళ్ళు వింతగా చూసిపోయారు. జడలోంచి ఓ తెల్ల వెంట్రుక దొరకబుచ్చుకుని చూపించింది. “ఇదిగో, ముప్పై ఆరు. ఎవరన్నా నవ్వితే నేను చూసుకుంటాగా. నువ్వు నా పక్కన కూర్చో, చాలు.”

జాగ్రత్తమ్మ ఆ వెంట్రుకని ఎగాదిగా చూసింది. చూసి చూసి, మెల్లిగా దారిచ్చింది.

అనౌన్సర్ గది అగ్గిపెట్టంత ఉంది. మైకు ముందు ఒక కుర్చీ, పక్కన ఇంకో ఎత్తు కుర్చీ. రేపో మాపో రిటైరవబోతున్న పెద్ద అనౌన్సరే పరీక్ష పెట్టేది; ఆయన్ని అందరూ మాస్టారనే అంటారు. ఆయన ఎత్తు కుర్చీలో సంచీ పెట్టబోతుంటే పిల్ల ఆపింది.

“అది మా జాగ్రత్తమ్మకి వదిలెయ్యండి మాస్టారూ.”

ఆయన తలుపు వంక ఓసారి చూసి, సంచీ తీసేశాడు. జాగ్రత్తమ్మ పైకెక్కి, కాళ్ళు వేలాడేసుకుని దర్జాగా కూర్చుంది. పిలిచి కుర్చీ వెయ్యడం ఇదే మొదలు మరి!

మొదటి ప్రకటన సాఫీగా సాగింది. రెండోదానికి పిల్ల మధ్యలో తడబడింది. ‘పారిపోదాం’ అనబోయి జాగ్రత్తమ్మ నాలిక్కరుచుకుంది. పిల్ల ఓ చెయ్యి ఎత్తు కుర్చీ మీద వేసి, మిగతాది చదివేసింది. ఎవ్వరూ నవ్వలేదు. కింద జనం సంచులు సర్దుకున్నారు, అంతే.

మూడోది ఎక్స్‌ప్రెస్. నాలుగో నంబరు ప్లాట్‌ఫారం అని కాగితంలో ఉంది.

“ఆగాగు! జాగ్రత్త. మళ్ళీ చూడు,” అంది జాగ్రత్తమ్మ.

వేరే రోజైతే నోర్ముయ్ అనేది. ఇవాళ పిల్ల ఆగింది. కాగితం చూసింది, కిటికీలోంచి కిందికి చూసింది.

“మాస్టారూ, నాలుగు మీద గూడ్సు బండి నిలబడి ఉందండీ!”

ఆయన గభాల్న ఫోనందుకున్నాడు. “ఓరి నాయనో, రెండో నంబరటమ్మా! రాసినవాడు తప్పు రాశాడు. చెప్పు, చెప్పు!”

పిల్ల చెప్పింది. ఖంగుమనే గొంతుతో, స్టేషనంతా మోగేలా చెప్పింది. రోజూలాగే నాలుగు వైపు నడుస్తున్న జనం పెట్టెలతో సహా గిరుక్కున రెండు వైపు తిరిగారు. జాగ్రత్తమ్మ సంతోషం పట్టలేక కుర్చీలోనే ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది.

“ఉద్యోగం నీదే తల్లీ, ఇంక తిరుగులేదు,” అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ. “ఇన్నేళ్ళు చేసినవాణ్ణి, నేనే కిందికి చూడలేదు. నువ్వు చూశావు!”

“నేను కాదు మాస్టారూ. మా జాగ్రత్తమ్మ చూడమంది.”

“ఇందాకట్నుంచీ జాగ్రత్తమ్మ, జాగ్రత్తమ్మ అంటావు. ఇంతకీ ఎవరమ్మా ఆ పెద్దావిడ?”

పిల్ల నవ్వుతూ పర్సులోంచి ఫొటో తీసిచ్చింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. పక్కకి ఒరిగిన కాగితం కిరీటం, ముందు పళ్ళు రెండు లేని నవ్వు.

“ఎవరీ పాప?”

“నేనేనండీ, ఏడేళ్ళప్పుడు.”