తోక ముక్కల సాక్ష్యం

"చేతులు జోడిస్తాను సార్, ఇంకొక్క రోజు ఆగండి. ఆ బల్లులు ఎక్కడివో పరీక్ష చేసి తేలుస్తాను."

ఇన్‌స్పెక్టర్ కాగితాల మీంచి తలెత్తలేదు. "మీ అన్నే ఒప్పుకున్నాడు కదమ్మా. ఇంక తేల్చడానికేముంది? రేపు కోర్టుకు పంపేస్తున్నాం."

ఊరంతా బారెడు బల్లులే. ఈ నేలవి కావు. కోళ్ల గూళ్లు ఖాళీ చేశాయి, కొంగల గుడ్లు ఒక్కటీ మిగల్చలేదు. జనం కోపం వెళ్లి పెంపుడు జంతువుల దుకాణం మీద పడింది. ఆ దుకాణం ఆమె అన్నయ్యది. అద్దాలు పగలగొడుతుంటే అతను నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు. "నేనే వదిలాను" అని సంతకం పెట్టేశాడు.

కటకటాల దగ్గర ఆమె అడిగింది. "నిజం చెప్పన్నయ్యా, నువ్వేనా?"

"పరీక్షలూ గిరీక్షలూ మానేసి అమ్మని చూసుకోవే."

తప్పు చెయ్యనివాడు ఇలా అంటాడా?

ఇంట్లో అమ్మ రెండు రోజులుగా మంచినీళ్లు కూడా ముట్టలేదు. గోడకేసి చూస్తూ, "వాడు కాదే" అంది.

"ఏ తల్లయినా అదే అంటుందమ్మా."

"వాడు కాదని చెబుతున్నానుగా!"

ఆమె పనిచేసేది జన్యుపరీక్షల ల్యాబులో. ఒకప్పుడు అమ్మ అక్కడే ఊడ్చి, తుడిచి, చెత్త కాల్చి ఆమెను చదివించింది. ఆ రోజే ఆమె ఊళ్లో పట్టిన ముప్ఫై బల్లుల తోక ముక్కలు తెచ్చి, వాటి డీఎన్ఏను దుకాణంలోని బల్లులతో పోల్చింది. కలవలేదు! కానీ మరెక్కడివంటే ఏం చెప్పాలి? ఫ్రీజర్‌లోని పాత నమూనాలన్నీ ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోయింది. మర్నాడు పొద్దున ఒకటి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చీటీ మీద తమ ల్యాబు పేరే ఉంది. ఎనిమిదేళ్ల క్రితం ప్రయోగాల కోసం పరదేశం నుంచి తెప్పించిన పన్నెండు బల్లుల్లో ఒకదానిది. రిజిస్టరులో చివరి వాక్యం: 'మత్తుమందుతో చంపి, కాల్చివేయడానికి పంపాము.'

ఆమె ఇంటికి పరుగెత్తింది.

"అమ్మా, అన్నయ్య తప్పేం లేదు! అవి మా ల్యాబు బల్లులు. కాల్చెయ్యమంటే ఎవరో వదిలేశారు. ఆ మనిషెవరో తెలిస్తే చాలు, అన్నయ్య ఇంటికొచ్చేస్తాడు!"

అమ్మ గోడమీంచి చూపు తిప్పి కూతురి మొహంలోకి చూసింది.

"సంచిలో కదులుతున్నవాటిని మంటల్లో ఎలా వెయ్యనే?"