కొత్తవాళ్ల రొట్టె

"ఆ బల్ల ముట్టుకోకు. అది ఇక్కడే ఉంటుంది," అంది తోత్కా అత్త.

రలిత్స ఓ పక్క పైకెత్తిన బల్లని దబ్బున కింద పడేసింది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోగలిగిన వాల్‌నట్ చెక్క బల్ల అది. మామయ్య బతికుండగా స్వయంగా చేసుకున్నాడు.

రెండు రోజులుగా ఇదే వరస. మేనత్త ఈ రెండంతస్తుల ఇల్లు ఎవరికో ఇచ్చేసి, చిన్న ఫ్లాటుకి మారిపోతోంది. సర్దడానికి సాయం రమ్మంటే, రలిత్స మొగుణ్ణీ పిల్లల్నీ లోవెచ్ ఊరికి ఆ చివరనున్న తన ఫ్లాటులో వదిలేసి వచ్చింది. తీరా వచ్చాక సర్దేదే లేదు. మంచాలు ఇక్కడే, బీరువాలు ఇక్కడే. అత్త వెంట వెళ్లేవి ఒక పరుపు, కుట్టుమిషను, నాలుగు బట్టలు.

"ఇల్లంటే ఇచ్చావు. సామాను కూడా ఎందుకత్తా, ముక్కూ మొహం తెలియనివాళ్లకి?"

"వాళ్ల దగ్గర మంచి సామాను లేదు, పాపం."

"పోనీ నువ్వు వెళ్లే ఇల్లయినా చూపించవేం?"

"చూడ్డానికేముంది? మీ ఇంటిలాంటిదే. ఐదో అంతస్తు, లిఫ్టుంది, డాక్టరు ఎదురుగానే. ఈ మెట్లు ఇక నా మోకాళ్లవల్ల కాదు."

"మా ఇంట్లో నలుగురం ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుని చస్తున్నాం. పిల్లలకి వంటగదిలో పక్కలు."

"నేనొక్కదాన్నేగా," అంది అత్త, కుట్టుమిషను మీద దుప్పటి కప్పుతూ.

పోయిన చలికాలం "అందరూ ఇక్కడికే వచ్చెయ్యండి" అని అత్త అడిగినప్పుడు రలిత్సే వద్దంది. ముసలిదాని ఇంటికి ఎసరు పెట్టారని ఊరు అంటుంది కదా. మళ్లీ అడిగితే ఈసారి కాదనకూడదనుకుంది. అత్త మళ్లీ అడగలేదు. చిన్నప్పటి వేసవులన్నీ గడిచిన ఇల్లు ఇవాళ పరాయివాళ్ల పాలవుతోంటే కడుపు రగిలిపోతోంది.

నేలమాళిగలోకి దిగితే అక్కడ ఇంకో మంట. ఎర్ర మిరప పచ్చడి సీసాలు గోడ పొడవునా అరల నిండా ఉన్నాయి. ఒక్కటీ పెట్టెలోకి ఎక్కలేదు.

"ఇవి కూడా వాళ్లకేనా?"

"చలికాలం వస్తోంది, తింటారు. కారం తక్కువే వేశాను. వాళ్ల చిన్నపిల్ల కారం తినదు."

"మా చిన్నదీ తినదు. దానికి ఒక్క సీసా ఇవ్వాలని తోచిందా నీకు?"

"తొందరపడకు," అంది అత్త. ఈవిడకి చెప్పడం కన్నా చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయమనిపించింది రలిత్సకి.

పైకొచ్చి వీధి తలుపు తుడవబోతే, మామయ్య ఫొటో ఉన్న వర్ధంతి కాగితం కనబడింది. ఊరి ఆనవాయితీగా ఏటేటా అత్త కొత్తది తలుపుకి అంటిస్తుంది. రలిత్స జాగ్రత్తగా గోటితో అంచు లేపింది.

"దాన్ని ఉండనియ్యి."

"ఎవరో చచ్చిపోయినాయన మొహం తమ గుమ్మానికి ఎందుకుంచుకుంటారత్తా? రేపే పీకి పారేస్తారు."

"పీకరు. మంచివాళ్లు."

తల ప్రాణం తోకకొచ్చి, రలిత్స మొగుడికి ఫోన్ చేసింది. మిన్‌చో రొప్పుతూ ఎత్తాడు. వెనక పర్రుపర్రున టేపు చింపుతున్న చప్పుడు.

"ఏం చేస్తున్నావు?"

"పనిలో ఉన్నాను. తర్వాత చేస్తా," అని పెట్టేశాడు. ఆదివారం పూట ఏం పనో. ఈ లోకంలో తన మాట వినే మనిషే లేడని రలిత్స తేల్చుకుంది.

ఆకలి దంచేస్తోంది. వంటింట్లో, పొద్దున్నే అత్త కాల్చిన గుండ్రటి రొట్టె ఘుమఘుమలాడుతోంది. పక్కనే తేనె గిన్నె. ఓ ముక్క విరవబోతే అత్త చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"ఇప్పుడు కాదు. గడపలో నిలబడి విరవాలి. ఇంటికొచ్చే కొత్త ఇల్లాలి రొట్టె అది."

"నిన్నట్నుంచి నడుం విరిగేలా చాకిరీ చేసింది నేను. తేనె రొట్టె ఆవిడకా?"

"ఆవిడకే."

వీధిలో హారన్ మోగింది. అత్త గబగబా తలగుడ్డ సర్దుకుంది.

"వచ్చేశారు. వాళ్ల సామాను దించేశాక అదే బండిలో నా సామాను ఎక్కిస్తారు. ఆ రొట్టె పట్టుకురా పిల్లా, నేను తలుపు తీస్తాను."

రలిత్సకి కళ్లనీళ్లొచ్చాయి. చీదరింపుగా తుడుచుకుని, రొట్టె పట్టుకుని గడపలోకి వెళ్లింది. ఇంత అదృష్టం పట్టిన ఆ ఇల్లాలి మొహం ఒక్కసారి చూడాలి. చూసి, నవ్వకుండా రొట్టె చేతిలో పెట్టి వెళ్లిపోవాలి.

వ్యాను తలుపు తెరుచుకుంది.

తలగడలు చంకన పెట్టుకుని దిగినవాళ్లు తన ఇద్దరు కూతుళ్లు.