నేల లోపలి బొమ్మ

తొలకరి పడిన మర్నాడు, ఎర్రచేను నడుమ ఒక ముసలాయన కదలకుండా నిలబడి ఉన్నాడు.

గట్టు మీద కూర్చుని బొమ్మ గీస్తున్న హులిగెమ్మ తలెత్తి చూసింది.

తొలివాన పడిందంటే చాలు, ఎక్కడెక్కడివాళ్ళో వజ్రాలు ఏరుకోవడానికి ఆ చేలల్లోకి దిగుతారు. వాళ్ళను అదిలించడానికే నాయన బసవరాజు ఆమెను కాపలా ఉంచాడు. పదమూడేళ్ళ ఆ పిల్లకేమో కొత్తవాళ్ళ ముందు నోరు పెగలడమే కష్టం.

"తాతా... ఈడ ఎతకగూడదు. మా నాయన తిడతాడు."

"ఎతకడంల్యా తల్లీ. ఊరికే నిలబడినా."

"వజ్రాలకొచ్చినోళ్ళంతా ఇదే మాట చెప్తారు!"

ముసలాయన నవ్వి, ఆమె ఒళ్ళోని కాగితంలోకి వంగి చూశాడు. "ఏం గీస్తాండావు?"

తాలూకా బడులన్నిటికీ పోటీ పెట్టారు. కాళ్ళ కింద నేల లోపల ఎట్లా ఉంటుందో గీయాలి. బహుమతి వస్తే ఆలూరు హైస్కూలుకు పంపుతానని నాయన మాటిచ్చాడు. రాకపోతే ఈ ఏటితో చదువు సరి.

"నేల అడుగున బిందెడు వజ్రాలు గీసినావా? మీ నాయనకు చూపించొద్దు పాపా, రేపే తవ్వుతాడు!"

హులిగెమ్మకు నవ్వొచ్చింది. "మరి ఏముంటాది తాతా?"

ఆయన గొంతుక్కూర్చుని తడిమట్టి మీద అరచెయ్యి ఆనించాడు.

"పైన నడుమెత్తు ఎర్రమన్ను. దాని కింద గరుసు. పార దిగదు, గునపం పట్టల్ల. ఆ కింద తెల్లసుద్ద, మీగడ మాదిరి. చూసేకి శానా బాగుంటాది గానీ, వానొస్తే దాన్ని నమ్మగూడదు."

"ఆ కింద?"

"ఆ కింద సల్లగుంటాది. ఎండాకాలం గూడా. ఆడ్నుంచి చూస్తే ఆకాశం అరచెయ్యంతే."

వింటుంటే హులిగెమ్మకు తానే మెల్లగా నేలలోకి దిగిపోతున్నట్టు అనిపించింది. ఎరుపులోంచి తెలుపులోకి, తెలుపులోంచి చల్లదనంలోకి.

"ఎవడ్రా అది! చేనంతా తొక్కుతాండావు?" దూరాన్నుంచి నాయన కేక. "ఇంగోసారి కాలు పెడితే కుక్కను ఉసిగొల్పుతా!"

ముసలాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన చేతిలో ఒక్క రాయి కూడా లేదు. ఆ మాట నాయనతో చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది.

ఎర్రమన్నూ, గరుసూ, సుద్దా నీళ్ళలో కలిపి, ఆయన చెప్పినట్టే బొమ్మ వేసింది.

"ఇదంతా ఎవరు చెప్పినారమ్మా?" పోటీలో అయ్యవారు అడిగారు.

వజ్రాలేరుకునే తాత అంటే అందరూ నవ్వుతారు. బహుమతి చేజారుతుంది.

"ఎవరూ చెప్పలేదు సార్."

మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

ఇంట్లో నాయన ఆ బొమ్మను గోడకు ఆనించి మురిసిపోయాడు. అవ్వ మహాదేవమ్మ దగ్గరికొచ్చి, ఎరుపు మీద వేలు పెట్టి, గరుసు దాటి, తెలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇది నీకెవరు చెప్పిరే?"

అవ్వ ముందు అబద్ధం నోటికి రాలేదు.

"ఎవరో తాత, అవ్వా. చేను నడుమ ఊరికే నిలబడి ఉండె. నాయన తరిమేసినాడు."

"చేను నడుమనా?" అవ్వ కొడుకు వైపు తిరిగింది. "దాసన్నను తరిమినావా బసవా?"

"ఏ దాసన్న?"

"నువ్వప్పుడు చంకలో బిడ్డవు. కరువొచ్చిన ఏడు ఆడ నీళ్ళకని మనకు బాయి తవ్వినోడురా. వానకు సుద్ద విరిగిపడి, అడుగున తట్టలెత్తుతాండిన ఆయప్ప పెండ్లాము సుంకులమ్మ పైకి రాల్యా. మేము బాయి అట్లే పూడ్చి, ఆమె మీదనే విత్తుకుంటాండాము."