అంచులు తుడిచిన పుస్తకం

"తుడిచేశావా? అన్నీ?"

టీచర్ గొంతు పెంచలేదు. బల్ల మీద తెరిచిన కవితల పుస్తకంలో అంచులు తెల్లగా ఉన్నాయి. పేజీకొకటి చొప్పున ఆమె ఎప్పుడో పెట్టిన ఎర్ర సిరా టిక్కులు మాత్రం మిగిలాయి, పక్కన ఏమీ లేకుండా. అక్కడ మొన్నటిదాకా ఆమె తమ్ముడి పెన్సిల్ రాతలుండేవి. తమ్ముడు పోయి పద్నాలుగు నెలలు. ఆ తర్వాత ఆమె ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తీసింది ఒక్కసారే, ఈ పిల్లకివ్వడానికి. తెరిచే ధైర్యం లేక మూసింది మూసినట్టే చేతిలో పెట్టింది.

ఎదురుగా నిలబడ్డ పిల్లను క్లాసులో అందరూ ఎందుకమ్మ అంటారు. ఏం చెప్పినా "ఎందుకు టీచర్?" అని అడగందే వదిలిపెట్టదు.

"అరువు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు పెన్సిల్ గీత మిగలకూడదని మీరే చెప్పారు," అంది, తన చెప్పుల వైపు చూసుకుంటూ.

"నీ గీతలు. వాడివి కాదు."

చెప్పిన మాట నిజమే. యూనివర్సిటీలో సాహిత్యం చదవాలనుకునే పిల్లలకు, అక్కడికి వెళ్లేలోపు కాస్త చదవడం అలవాటు చేయాలని బడి వదిలాక ఆమె ఆరు వారాలు నడిపే క్లాసు అది. మొదటిరోజు రెండే సంగతులు చెబుతుంది. అరువు పుస్తకం సంగతి ఒకటి. రెండోది, కవిత చదువుతూ ఎక్కడ ఆగిపోతే అక్కడ అంచున మీ మాట రాసుకోండి, నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, అంచున మాత్రం అబద్ధం రాయకండి అని.

ఆ మాటలు మొట్టమొదట విన్నది తమ్ముడే. ఆదివారం పొద్దున్నే పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. ఆమె చదివి టిక్కు పెడితే, "పాసయ్యానా అక్కా?" అని నవ్వేవాడు. సాహిత్యంలో సీటొచ్చింది. చేరాల్సిన వారంలో జ్వరంతో పోయాడు.

ఎందుకమ్మ సీటు ఇప్పుడు సొరుగులో ఉంది. టీచర్ రాసిన సిఫారసు ఉత్తరం, అంటించిన కవరులో. ఐదింటికి అటెండర్ సంచీలో అది వెళ్లకపోతే ఈ ఏటికి అవకాశం లేదు.

టీచర్‌కు ఇంకో సంగతి తట్టింది. పోయిన వారం ఈ పిల్ల రాసుకొచ్చిన వ్యాసం. చదివి పొంగిపోయి, స్టాఫ్ రూములో నలుగురికీ చూపించి వచ్చింది తను.

"ఆ వ్యాసంలోవి వాడి మాటలేనా? వాడుకుని, ఆనవాలు లేకుండా చేశావా?"

పిల్ల చప్పున తలెత్తింది. "కాదు టీచర్. ఒట్టు."

"మరెందుకు తుడిచావు?"

ఊరందరినీ ఎందుకని అడిగే పిల్ల ఆ ఒక్క ఎందుకు దగ్గర మళ్లీ తల దించుకుంది.

నమ్మి ఇచ్చినందుకు మంచి పనే చేశావంది టీచర్. ఉత్తరం పంపడం లేదంది. పిల్ల బతిమాలుతుందనుకుంది. బతిమాలలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఉత్తరం ఇవ్వకపోయినా సరే టీచర్. ఆ పుస్తకం మాత్రం మళ్లీ తెరవకండి."

ఆ మాటతో టీచర్ ఒళ్లు మండింది. తెరవొద్దని చెప్పడానికి ఇదెవరు?

పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. రబ్బరు పెన్సిల్‌ను చెరిపింది గానీ నొక్కును చెరపలేదు. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ నొక్కి రాసే అలవాటు. ఆమె పెన్సిల్‌ను పడుకోబెట్టి అంచు మీద మెల్లగా రుద్దింది. నలుపులోంచి తెల్లటి అక్షరాలు లేచాయి.

"వాన ఆగింది, ఈమె ఎదురుచూపు ఆగలేదు."

ఇంకో పేజీ. "ఈ పాదం దగ్గర ఊపిరి బిగబట్టాను."

ఎంత బాగా చదివేవాడు. ఆమె ఒక్కో పేజీ రుద్దుకుంటూ పోయింది. వేళ్లు నల్లబడ్డాయి, కళ్లు తడిశాయి, చెయ్యి ఆగలేదు. నలభై ఏడో పేజీలో ఆఖరి టిక్కు. ప్రవేశ పరీక్షకు పెట్టిన కవితలు అక్కడితో సరి. ఆ తర్వాతి పేజీలు ఆమె ఎన్నడూ తిప్పి చూడలేదు.

ఇప్పుడు తిప్పింది. ఆ పేజీలో టిక్కు లేదు. పైన ఒక్క చోట మాత్రం కాగితం నూగు లేచి చిరగడానికి సిద్ధంగా ఉంది. పుస్తకం మొత్తంలో రబ్బరు అంత గట్టిగా తిరిగిన చోటు ఇంకోటి లేదు. ఆమె అక్కడ పెన్సిల్ ఆనించింది.

"టీచరమ్మా, మీ ఒక్క ఉత్తరం కోసం నా సంచీ నోరు తెరుచుకుని కూర్చుంది," అంటూ అటెండర్ గుమ్మంలోకొచ్చాడు.

ఆమె వినలేదు. రుద్దిన చోటును రెండుసార్లు చదివింది. తర్వాత లేచి, సొరుగు లాగి, కవరు తీసి అతని చేతిలో పెట్టింది. కవరు మీద బొటనవేలి మసి అంటింది.

అతను బల్ల మీదికి తొంగిచూసి, పుస్తకాన్ని ఎవరలా పాడుచేశారని అడిగాడు.

"నేనే. మా తమ్ముడి రాత కనబడుతుందేమోనని."

"కనబడిందా?"

"కనబడింది."

అతను వెళ్లిపోయాడు. పుస్తకం ఇంకా తెరిచే ఉంది. పెన్సిల్ నలుపు మధ్య, తమ్ముడి గుండ్రటి అక్షరాలు తెల్లగా ఉన్నాయి:

"హమ్మయ్య. అక్క చూసేది కిందటి పేజీ దాకానే. ఇక నచ్చినట్టు నటించక్కర్లేదు."