వంద రూపాయల కోత

ఐసు పెట్టె మీద ఫోను నిలబెట్టి, తెరకు అంటిన చేప పొలుసును గవర్రాజు బొటనవేలితో తుడిచాడు.

ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట అయిపోయినా జనం కదల్లేదు. ఢిల్లీలో లోక్‌సభ నడుస్తోంది. ఈరోజే హోంశాఖ పద్దు మీద ఓటింగు.

"మన ఎంపీ లెగుత్తాడు, సూడండి," అన్నాడు గవర్రాజు.

మొన్నటి తుఫానుకి ఇంజిన్ చెడి, బంగ్లాదేశ్ జాలర్లు నలుగురు ఇటు కొట్టుకొచ్చారు. ఒడ్డుకు లాగింది గవర్రాజే. సముద్రం ఒగ్గేసినోడు చుట్టంతో సమానమని ఇంటికి తీసుకెళ్ళి, భార్య పోతమ్మ చేత చేపల పులుసు వండించి పెట్టాడు. ఇంజిన్ కూడా బాగు చేయించాడు.

ఇక వెళ్ళిపోతామని వాళ్ళు సైగ చేశారు. పోనిమ్మంది పోతమ్మ.

గవర్రాజు వింటేనా! "దొంగల్లాగ ఎందుకెల్లాల? పోలీసులకి సెప్పేసి దర్జాగా ఎల్దురు గానీ. నాను మాటిత్తన్నాను కదేటి!"

భాష తెలియకపోయినా ఆ మొహం చూసి నమ్మారు పాపం. ఇప్పుడు విదేశీయుల నిర్బంధ కేంద్రంలో ఉన్నారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు.

కాళ్ళరిగేలా తిరిగితే ఎంపీ అచ్యుతరామయ్య భుజం తట్టాడు.

"ఆ పద్దులో వంద రూపాయలు కోసెయ్యమని తీర్మానం పెడతానయ్యా. డబ్బు కోసం కాదు. అలా అడిగితే మంత్రి లేచి జవాబు చెప్పాలి. గాలివాటున వచ్చిన జాలర్లని నిర్బంధించొద్దని అక్కడే తేలుస్తాను."

ఆ మాట హార్బరంతా చాటుకుంటూ తిరిగాడు గవర్రాజు.

ఫోనులో సభాపతి ఎంపీ పేరు పిలిచాడు. మీ కోత తీర్మానం ప్రవేశపెడుతున్నారా అని అడిగాడు.

అచ్యుతరామయ్య లేచాడు. పక్కనున్న పార్టీ మనిషి వైపు చూశాడు.

"లేదండీ."

కూర్చున్నాడు. అంతే.

పద్దు ఓటుకొచ్చింది. కొత్త నిర్బంధ కేంద్రాలకు డబ్బు కూడా అందులోనే ఉంది. సభ "అవును" అంది. అచ్యుతరామయ్య నోరూ కదిలింది.

"నీ నోట్లో మన్ను పడ!" అని ఫోనులోని ఎంపీని తిట్టింది పక్కనే ఉన్న పోతమ్మ.

"ఊరుకో బావా. ఆల మాటలు నీటిమీద రాతలు," అని గవర్రాజుతో అంటూ పోతమ్మ తమ్ముడు సత్యం వల భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

గవర్రాజుకి కోపం రాలేదు. సిగ్గేసింది. ఎంపీ ఎవడని వాళ్ళకి? వాళ్ళు నమ్మింది తనని. ఇంజిన్ ఆడుతున్న పడవలోంచి చెయ్యి పట్టి దింపింది తనే.

ఫోను మోగింది. వీడియో కాల్. ఆ నలుగురిలో ఒకడి భార్య, అవతలి దేశం నుంచి. నంబరు గవర్రాజే ఇచ్చాడు. అప్పుడప్పుడూ చేస్తుంటుంది.

"నాను ఎత్తలేనే," అన్నాడు.

"మరెవులు ఎత్తుతారు?" అని పోతమ్మ ఎత్తి, అతని మొహం ముందు పెట్టింది.

ఆమెకు తెలుగు రాదు. ఇతనికి బెంగాలీ రాదు. ఆమె తన వెనకున్న సముద్రం వైపు చూపించి, మొగుడు వస్తాడా అన్నట్టు చెయ్యి తిప్పింది.

గవర్రాజు నవ్వి, తలూపాడు.