నూకరత్నం మేస్త్రీ ఊహ

కొలతలు లెక్కగట్టి చెప్పే మాట్లాడే టేపులు ఊరంతా ఒక్కసారే మూగబోయాయి. పునాదికి ముగ్గు పోసే ముహూర్తం పది నిమిషాల్లో ఉంది. ఇల్లు ఇరవై అడుగులకు ముప్ఫై. ఐమూల కొలత, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం, కావాలంటే ఆ రెంటి వర్గాలూ కలిపిన పదమూడు వందలకు వర్గమూలం కట్టాలి. మనుషులు ఆ లెక్క మరిచి చాలా ఏళ్ళయింది.

నూకరత్నం మేస్త్రీ చదువుకునే రోజుల్లో రాసుకున్న నాలుగు వరుసల ప్రోగ్రాము పాత ఫోనులో తెరిచి, ఊహగా ముప్ఫై ఆరని కొట్టింది.

"ఊహ మీద కడతావా నా ఇల్లు?" అన్నాడు ఇంటి యజమాని బాపినీడు.

"ఊహ తప్పైనా పర్లేదండీ. ఈ ప్రోగ్రాము పదమూడొందల్ని దాంతో భాగించి, రెంటికీ మధ్యకొస్తాది. మళ్ళీ అదే పని. అలా దిద్దుకుంటాది."

మూడోసారికి అంకె కదలడం మానేసింది. కొలతాడు లాగితే రెండు ఐమూలలూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. ముగ్గు తెల్లగా పరుచుకుంది. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు.

అప్పుడు టేపు గొంతు విప్పింది. "ముప్ఫై ఆరడుగుల అరంగుళం పైచిలుకు."

"లేచావా నాయనా," అంది నూకరత్నం. "కొబ్బరిముక్క తిందువుగాని, రా."