మదనపల్లెకు పోయే పెట్టె

జయరావు బజారు నుంచి కొత్త రేకుపెట్టె తెచ్చాడు. తెచ్చినవాడు నట్టింట్లో పెట్టొచ్చు కదా! చప్పుడు కాకుండా తల్లి మంచం కిందికి తోశాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన భార్య దీనమ్మ అది చూడనే చూసింది.

తామిద్దరూ, బిడ్డా, ముగ్గురూ ఓడ ఎక్కబోతుంటే పెట్టె ఒక్కటే ఎందుకు? అదీ దాచిపెట్టడం ఎందుకు?

జయరావు మిషన్ బోధకుడు. పెళ్లయిన కొత్తలోనే భార్యను తీసుకుని రంగూన్ వెళ్లాడు. అక్కడి మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలకు వాక్యం చెప్పేవాడు. బిడ్డ రూతు అక్కడే పుట్టింది. నలభై రెండులో యుద్ధం మీద పడితే, పసిదాన్ని ఎత్తుకుని అరకాను కొండల మీదుగా నడిచి బయటపడ్డారు. అప్పటి నుంచి చిత్తూరులో జయరావు తల్లి గంగులమ్మ దగ్గరే కాపురం. ఇప్పుడు యుద్ధం ముగిసింది. మలయా రబ్బరు తోటల్లోని తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లమని మిషన్ వాళ్లు చెప్పారు. పై నెలలో మద్రాసులో ఓడ. అందరికీ పెద్దాసుపత్రిలో డాక్టరు పరీక్షలు కూడా అయిపోయాయి.

సంతోషంగా ఉండాల్సిన ఇల్లే. దీనమ్మకు మాత్రం ముద్ద దిగడం లేదు.

దానికి కారణం ఏకాంబరం కుటుంబం. ఏకాంబరం కూడా బోధకుడే. పోయిన ఏడు ఓడ ఎక్కేముందు కొడుకులిద్దరినీ మదనపల్లె హాస్టల్లో వదిలేశాడు. తోటల్లో తెలుగు చదువులు దొరకవు కాబట్టి మిషన్ కుటుంబాల్లో అది మామూలే. మామూలేనట! రేణిగుంట స్టేషన్లో ఆ తల్లి రైలు తలుపు పట్టుకుని ఏడ్చిన ఏడుపు దీనమ్మ చెవుల్లో ఇంకా ఉంది.

దీనమ్మకు ఉన్నది ఒక్క రూతు. ఆరేళ్లది.

డాక్టరు పరీక్షలు అయిన మర్నాటి నుంచే మొగుడి వాలకం మారింది. రూతు పక్కను అవ్వ మంచం మీదికి మార్చాడు.

"పెద్దదయింది గదా, అవ్వ దగ్గర పండుకోనీ" అన్నాడు, మొహం చూడకుండా.

అత్త మరీ ఘోరం. పిల్ల ఉరుక్కుంటూ వచ్చి అమ్మ ఒళ్లో కూర్చోబోతే చాలు, చెయ్యి పట్టుకుని లాగేసేది.

"రా మే, నీకు కత చెప్తా."

అన్నం తినిపించేది అవ్వే, తల దువ్వేది అవ్వే. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లి దూరంగా కూర్చుని చూడాలి! పిల్లకు తల్లిని మరిపిస్తున్నారు, ఇంకేముంది, అనుకుంది దీనమ్మ.

ఒకరోజు పెరట్లో తల్లీ కొడుకులు గుసగుసలాడుతుంటే తలుపు చాటున నిలబడి విన్నది.

"ఆడ గాలి మంచిదంట నాయనా. కొన్నాళ్లు ఏడుస్తాది. ఆమీట అలవాటు పడతాది."

"ఎట్ల చెప్పేదిమా? నాకు నోరు రాలేదు."

సరిగ్గా అప్పుడే పాడు దగ్గు వచ్చి దీనమ్మను పట్టించేసింది. బయట మాటలు టక్కున ఆగిపోయాయి.

ఆదివారం గుడి నుంచి వస్తుంటే పాత్రల అంగడి సుభాన్ బాషా కేకేశాడు.

"అమ్మగారూ, పళ్లెం, లోటా మీద పేరు కొట్టేసినాను. నిన్ననే అయ్యగారు తీసకపోయినారు. సరిగ్గా ఉండాదో లేదో సూడండి. రేపే గదా మదనపల్లె ప్రయాణం?"

హాస్టల్లో సామాన్లు కలిసిపోకుండా పిల్లల పళ్లేల మీద పేర్లు కొట్టిస్తారని ఎవరికి తెలియదు! దీనమ్మ ఇంటికి వచ్చీ రాగానే అత్త మంచం కింద నుంచి పెట్టెను బర్రున బయటికి లాగింది. వెనకే వచ్చిన జయరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రూతును మదనపల్లెలో వదలాలనే గదా? చెప్పండి!"

జయరావు పెట్టెను మళ్లీ మంచం కిందికి తొయ్యబోయాడు.

"బర్మా అడవిలో నడవలేక ఎంతమంది బిడ్డల్ని దోవలోనే వదిలేసినారో మీరూ చూసినారు. నేను వదిలినానా? చంకనేసుకుని కొండలెక్కినాను. ఆడ వదలని బిడ్డను ఈడ వదులుతానా? మలయా వద్దు, ఏమీ వద్దు. నా బిడ్డను నా కాడ్నించి ఎవురూ తియ్యలేరు!"

మాట పూర్తి కాకుండానే దగ్గు ముంచుకొచ్చింది. రొప్పుతూ పెట్టె పక్కనే కూలబడింది. అమ్మ కేకలు విని రూతు పరుగున రాబోయింది. గంగులమ్మ దాన్ని గట్టిగా పొదివి పట్టుకుంది. ముసలామె కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"వద్దమ్మా, తెరవొద్దు. నీకు దండం పెడతా."

దీనమ్మ వింటుందా! మూత ఎత్తి పారేసింది.

పైన ఒక కంబళి ఉంది. దాని కింద మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు. పెద్దాసుపత్రిలో మదనపల్లె క్షయ ఆసుపత్రికి పంపే దగ్గు రోగుల మంచాల పక్కన చూసింది ఇలాంటివి, ఉమ్మడానికి పెడతారు. ఆరేళ్ల పిల్లకు ఇదెందుకు?

అడుగున, గుడ్డలో చుట్టిన పళ్లెం దొరికింది. జయరావు చప్పున వంగి దాన్ని లాక్కోబోయాడు. దీనమ్మ ఇవ్వలేదు. గుడ్డ విప్పి వెలుగుకు తిప్పింది.

పళ్లెం అంచున సుభాన్ బాషా చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు రూతు కాదు, దీనమ్మ.